మంచు కొట్టిన కొబ్బరి చెట్టును నరకకండి: మొవ్వును చూసి నిర్ణయించండి

ఒడిశాలోని కోరాపుట్ కొండల మీద సంక్రాంతికి అటూ ఇటూ కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి పడుతుంది. పొట్టంగి, సెమిలిగుడ, నందపూర్ వైపు అలాంటి తెల్లవారుజామున లేచి చూస్తే గడ్డి మీదా, గడ్డివాముల మీదా ఉప్పు చల్లినట్టు తెల్లటి మంచు పేరుకుని ఉంటుంది. ఎండ రాగానే ఆ తెలుపు కరిగిపోతుంది. దాని దెబ్బ మాత్రం నాలుగైదు రోజుల తర్వాత పెరట్లోని కొబ్బరి చెట్టు మీద బయటపడుతుంది. ఆకులు మొదట నీళ్లలో నానినట్టు ముదురు రంగుకు తిరుగుతాయి, తర్వాత ఉడికించిన కూరలా వాలిపోతాయి, రెండు వారాలయ్యేసరికి ఎండుగడ్డి రంగులోకి వస్తాయి. చూసిన ప్రతివారూ "చెట్టు పోయింది, కొట్టేయండి" అంటారు.

మేమూ ఒకసారి ఆ మాట విన్నాం. మా నాన్నగారు ఉద్దానం నుంచి మొక్కగా తెచ్చి నాటిన చెట్టు అది, తొమ్మిదేళ్ల వయసు. ఫిబ్రవరిలో ఒక్క పచ్చని ఆకు కూడా లేదని నరికించాం. తల భాగాన్ని చీల్చి చూస్తే లోపల మొవ్వు పాలలా తెల్లగా, గట్టిగా ఉంది. మచ్చ లేదు, కుళ్లు వాసన లేదు. బతికి ఉన్న చెట్టును మేమే చంపుకున్నాం. నాన్నగారు ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత మరో చలికాలంలో రెండు చెట్లు దెబ్బతింటే వాటిని నరకకుండా కాపు కాశాం. ఒకటి కోలుకుంది, ఒకటి ఆషాఢంలో పోయింది. మీ పెరట్లోనూ ఇప్పుడు అలాంటి చెట్టు ఉంటే ఏ రోజు ఏమి చూడాలో, ఏమి చేయాలో వరుసగా చెబుతాను. గొడ్డలి మాత్రం కనీసం ఆరు నెలలు పక్కన పెట్టండి.

చెట్టు ప్రాణం ఎక్కడ ఉంది?

మామిడికీ వేపకూ కొమ్మకొమ్మకూ మొగ్గలు ఉంటాయి. పైన ఎండితే కింద నుంచి చిగురు వేస్తాయి. కొబ్బరికి, తాటికి, పోకకు ఆ వీలు లేదు. చెట్టు మొత్తానికి పెరిగే మొగ్గ ఒక్కటే. తల మధ్యలో, మట్టల మొదళ్ల పొరల కింద దాగి ఉండే ఆ మొగ్గనే మనం మొవ్వు అంటాం. ఆకులన్నీ పోయినా మొవ్వు ఉంటే చెట్టు ఉంటుంది. మొవ్వు పోతే, పచ్చని ఆకులు ఇంకా వేలాడుతున్నా సరే, చెట్టు లేనట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో మా బంధువుల తోటలోనూ ఇదే చూశాం. మట్టలు చిరిగిన చెట్లు నిలబడ్డాయి, తల విరిగిన చెట్లు తిరిగి లేవలేదు.

ఈ మొవ్వు చుట్టూ మట్టల మొదళ్లు దుప్పట్లలా చుట్టుకుని ఉంటాయి కాబట్టి ఒక్క రాత్రి చలి అంత లోపలికి వెళ్లడం కష్టం. అందుకే ఆకులు మాడిన చెట్లలో చాలావాటికి ఆశ ఉంటుంది. చిన్న మొక్కల్లో ఆ దుప్పటి పలచన, పైగా మొవ్వు నేలకు దగ్గరగా, చలి గాలి పేరుకునే ఎత్తులోనే ఉంటుంది. రెండు మూడేళ్ల మొక్క, ఎదిగిన చెట్టు పక్కపక్కనే దెబ్బతింటే నేను ముందు భయపడేది మొక్క గురించే.

కాండం సంగతి కూడా తెలుసుకోవాలి. కొబ్బరి కాండానికి గాయం పూడ్చుకునే శక్తి లేదు. మామిడి బెరడు తెగితే అంచుల నుంచి కొత్త పొర వచ్చి మూసుకుంటుంది, కొబ్బరికి తగిలిన గాయం జీవితాంతం అలాగే ఉంటుంది. లోపల నీళ్లు మోసే నాళాలు చలికి పాడైతే అవీ మళ్లీ పుట్టవు. ఆ నష్టం ఎప్పుడు బయటపడుతుందో ఎండాకాలం దగ్గర చెబుతాను.

మీ చెట్టు ఏ జాతిది?

కొబ్బరి సగటున 27 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే తీరప్రాంతపు చెట్టు. మనం దాన్ని ఊరి మీద మమకారంతో కొండ మీదకు తెచ్చుకున్నాం. గడ్డకట్టే చలిని అది ఓర్చుకోలేదు. పోక కూడా అంతే. ఈత, ఖర్జూరం చాలా గట్టివి. ఆకులు మాడినా మొవ్వు నిలుస్తుంది. బంగళాల ముందు గుబురుగా పెంచే అరికా పామ్ మొదలు నుంచి పిలకలు వేసే రకం. పైన కాడలు చచ్చినా అడుగు నుంచి కొత్తవి వస్తాయి కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

జీలుగు విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఒడియాలో సలప అని పిలిచే, ఇక్కడి ఆదివాసులు కల్లు గీసే చెట్టే ఇది. జీలుగు జీవితంలో ఒక్కసారే పూతకు వస్తుంది. పూగుత్తులు తల దగ్గర మొదలై కొన్నేళ్ల పాటు ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి, చివరి గుత్తి అయ్యాక చెట్టు చనిపోతుంది. కాబట్టి పూత దిగుతున్న జీలుగు వాడిపోతే అది చలి చేసిన పని కాకపోవచ్చు. దానికి మందు పోసి లాభం లేదు.

అరటి తాటి జాతిది కాదు, అయినా చెప్పక తప్పదు. మంచు కొట్టిన అరటిని మొదలుకంటా నరికితే దుంప నుంచి పిలక వస్తుంది. అదే అలవాటుతో కొబ్బరినీ నరికేస్తుంటారు. ఈ రెంటినీ ఒకే కత్తితో చూడకండి.

మొదటి వారం: చేతులు కట్టుకోండి

మంచు పడిన ఉదయం చెట్టు తల మీద నీళ్లు పోయకండి, వేడినీళ్లు అసలే వద్దు. మొవ్వులో నిలిచిన తడి తర్వాత కుళ్లుకు దారి తీస్తుంది. మాడిన ఆకులు కొట్టకండి. అవి చూడటానికి బాగుండవు, కానీ మళ్లీ చలి పడితే మొవ్వుకు అవే కప్పు. జనవరి నెలాఖరు దాకా ఇంకో గడ్డకట్టే రాత్రి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దెబ్బతిన్న చెట్టుకు ఆ పురుగు కూడా తోడైతే ఇక ఆశ ఉండదు.

ఆకులో కొంత భాగమే మాడి మిగతాది పచ్చగా ఉంటే ఆ పచ్చదనం చెట్టుకు అన్నం పెడుతూనే ఉంటుంది. సగం ఆకైనా సరే, ఉండనివ్వండి. పూర్తిగా ఎండి, కాడతో సహా గోధుమ రంగుకు వచ్చిన మట్టలను ఫిబ్రవరి మధ్యలో, చలి వెనక్కి తగ్గాక తీయవచ్చు. అప్పుడు కూడా కాండాన్ని చీల్చుకుంటూ లాగకండి, మట్టను జానెడు మొదలు వదిలి కోయండి.

ఒక జాగ్రత్త. దెబ్బతిన్న చెట్టును ఎవరినీ ఎక్కనివ్వకండి. తల ఎంత బలహీనపడిందో కింద నుంచి తెలియదు. ఎత్తైన చెట్టయితే ఫోను కెమెరాను దగ్గరకు తెచ్చి ఫొటో తీసి చూసుకోండి, నిచ్చెనకు అందే చెట్టయితే నిచ్చెన వేయండి.

రెండో వారం నుంచి: మొవ్వాకుకు గుర్తు పెట్టండి

ఈ పనే అన్నిటికన్నా ముఖ్యం, దీనికి కావలసింది కాస్త పెయింటు, ఓపిక. తల మధ్యలో ఇంకా విచ్చుకోకుండా ఈటెలా నిలబడి ఉన్న ఆకును చూడండి. అదే మొవ్వాకు. దాని మీద, పక్కన ఉన్న మట్ట మీద ఒకే ఎత్తులో అడ్డంగా ఎర్రటి గీత పెట్టండి. తేదీ రాసుకోండి. ప్రతి ఆదివారం వెళ్లి చూడండి. మొవ్వాకు మీది గీత పక్క మట్ట గీతకన్నా పైకి జరిగితే లోపల మొవ్వు పనిచేస్తోందని అర్థం. ఆకు రంగు ఎలా ఉన్నా ఆ కదలికనే నమ్మండి. చలి రోజుల్లో వారానికి వేలి మందం కూడా కదలకపోవచ్చు. ఫిబ్రవరి చివర, మార్చిలో వేడి పెరిగాక తేడా తెలుస్తుంది. మా చెట్టు గీత నలభై రోజులు అలాగే ఉండి, తర్వాత ఒక్క వారంలో రెండు వేళ్ల మందం జరిగింది. ఆ ఆదివారం నాన్నగారిని చేయి పట్టుకుని నిచ్చెన దగ్గరకు తీసుకెళ్లి చూపించాను.

గీత పెట్టే రోజునే మొవ్వాకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. లాగడం అంటే పీకడం కాదు. గట్టిగా నిలబడితే మంచిది, వదిలేయండి, మళ్లీ పదిహేను రోజులకు చూడండి. చేతిలోకి ఊడి వస్తే దాని అడుగు చూడండి, వాసన చూడండి. అడుగు గోధుమ రంగులో మెత్తగా, కుళ్లిన వాసనతో ఉంటే మొవ్వు కుళ్లు మొదలైందన్నమాట. చలికి చచ్చిన లేత కణజాలంలో శిలీంధ్రాలు, బ్యాక్టీరియా చేరి కిందకు, మొగ్గ వైపు తినుకుంటూ పోతాయి. చాలా చెట్లను చలి చంపదు, ఆ తర్వాత వచ్చే ఈ కుళ్లే చంపుతుంది. మొవ్వాకు ఊడినంత మాత్రాన అంతా అయిపోలేదు. మొగ్గ దానికన్నా చాలా లోతులో ఉంటుంది. కానీ ఇక ఆలస్యం చేయకూడదు.

కుళ్లును ఆపడం

మొవ్వాకు గట్టిగా ఉన్నా, ఊడినా, చలి దెబ్బ తిన్న ప్రతి చెట్టుకూ రాగి మందు ఒకసారి పోయడం మంచిదని నా అభిప్రాయం. దుకాణంలో దొరికే కాపర్ ఆక్సీక్లోరైడ్ అయితే లీటరు నీటికి 3 గ్రాములు. ఇంట్లో చేసుకోవాలంటే ఒక శాతం బోర్డో మిశ్రమం. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఐదు లీటర్ల నీటిలో రాత్రే నానబెట్టండి. 100 గ్రాముల తాజా సున్నపు రాయిని మరో ఐదు లీటర్లలో విరియబోసి వడకట్టండి. సున్నం విరిసేటప్పుడు బాగా వేడెక్కి చిందుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్లు జాగ్రత్త. ప్లాస్టిక్ బకెట్లు లేదా మట్టి కుండలే వాడాలి, ఇనుప పాత్రలు పనికిరావు. మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి కలుపుతూ పోయండి. తుప్పు లేకుండా శుభ్రంగా ఉన్న ఇనుప చాకు మొనను ఒక నిమిషం అందులో ముంచి తీయండి. మొన మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, మరికొంత సున్నపు నీరు పోసి మళ్లీ చూడండి. పూత పడకుంటే మందు సిద్ధం. అదే రోజు వాడేయాలి.

మొవ్వు చుట్టూ తడిసి మట్టల సందుల్లోకి దిగేలా పోయండి. ఎత్తైన చెట్టుకు పొడవాటి గొట్టం ఉన్న స్ప్రేయరు అద్దెకు తెచ్చుకోండి. పది రోజులకు మరోసారి. అక్కడితో ఆపండి. రాగి ఎక్కువైతే అదే లేత మొవ్వుకు విషమవుతుంది. మందు పోశాక కొన్ని వారాల పాటు ఆ చెట్టు బొండాలు తాగకండి.

మొవ్వాకు ఊడిన చెట్టుకు ఇంకో పని ఉంది. పదునైన కత్తిని మంటలో చూపించి, కుళ్లిన మెత్తని భాగాన్ని తెల్లటి గట్టి కణజాలం కనిపించే వరకు గీకి తీయండి. తర్వాత బోర్డో పేస్టు పూయండి. దీనికి 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో కలిపి రెండూ ఒకటి చేయాలి. పైన వాన నీరు దిగకుండా పాలిథీన్ కాగితాన్ని గొడుగులా కట్టి, కొత్త మొవ్వు తోసుకువచ్చే దాకా ఉంచండి. గాలి ఆడాలి కాబట్టి పక్కల బిగించకండి. కొమ్ము పురుగు రాకుండా పై మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి పోయవచ్చు.

నీళ్లు, ఎరువు

కుటుంబాల్లో ఎవరికైనా జ్వరం వస్తే తినమని బలవంతం చేసినట్టే చెట్టుకూ చేస్తారు. ఆకులు లేని చెట్టు నీళ్లు తక్కువ తాగుతుంది. పాదులో మట్టి వేలి లోతున ఆరాకే పోయండి, నిలవనివ్వకండి. యూరియా వెంటనే వేయకండి. కొత్త ఆకులు రెండు పూర్తిగా విచ్చుకున్నాక మొదలుపెట్టండి. కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి చెప్పే మోతాదు 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్. అంటే సుమారు 1.1 కిలోల యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. కోలుకుంటున్న చెట్టుకు నేను మొదటి విడతగా ఇందులో నాలుగో వంతే వేస్తాను.

ఎండాకాలం అసలు పరీక్ష

మార్చిలో కొత్త ఆకు కనిపించి సంతోషపడితే, ఏప్రిల్ ఎండలకు అది ఒక్కసారిగా వాలిపోవచ్చు. కాండంలోని నాళాలు చలికి పాడైన చెట్టులో ఇలా జరుగుతుంది. చల్లని రోజుల్లో మిగిలిన కొద్ది నాళాలే సరిపోతాయి, ఎండ పెరిగి ఆకులకు నీళ్లు ఎక్కువ కావలసి వచ్చినప్పుడు చాలవు. ఈ దెబ్బకు మందు లేదు. మొదలు చుట్టూ ఆకు చెత్త పరిచి తేమ నిలపడం, చిన్న మొక్క అయితే పడమటి వైపు తడిక కట్టి నీడ ఇవ్వడం తప్ప మన చేతిలో ఏమీ లేదు. మా రెండో చెట్టు ఇలాగే పోయింది. మూడు ఆకులు వేసి, ఏప్రిల్‌లో వాడి, వానలు పడ్డాక తల ఒరిగింది.

బతికిన చెట్టు మొదట వేసే ఆకులు చూసి కూడా కంగారు పడకండి. పొట్టిగా, ముడతలు పడి, కొసలు నల్లబడి, కొన్నిసార్లు సగం చిరిగినట్టు వస్తాయి. మంచు పడిన రాత్రి అవి మొవ్వు లోపల లేత రూపంలో ఉన్నాయి, ఆ గాయంతోనే బయటకు వస్తున్నాయి. వాటి వెనక వచ్చేవి క్రమంగా సరవుతాయి. కొబ్బరి ఏడాదికి సుమారు పన్నెండు ఆకులు వేస్తుంది, మన కొండ మీద ఇంకా తక్కువే. నిండు తలకు ముప్పైకి పైగా ఆకులు కావాలి కాబట్టి చెట్టు మునుపటిలా కనిపించడానికి మూడేళ్లు పడుతుంది.

కాపు ఇంకా ఆలస్యం. ఉన్న పిందెలు రాలిపోతాయి. గెల మొగ్గ తొడిగిన నాటి నుంచి బయటకు విచ్చుకునే దాకా రెండున్నర ఏళ్లకు పైగా లోపలే పెరుగుతుంది, విచ్చుకున్నాక కాయ ముదరడానికి మరో ఏడాది. ఆ రాత్రి లోపల ఉన్న గెలలు కొన్ని ఎండిపోయే వస్తాయి. చలి పడిన మూడో ఏట కూడా కాపు పలచగా ఉంటే చెట్టును నిందించకండి. కాండం మీద ఆ ఏడాది పెరిగిన చోట నడుము సన్నబడి నొక్కు పడుతుంది. అది ఎప్పటికీ పూడదు. చెట్టు ఎక్కేవారికి ఆ చోటు చూపించి చెప్పండి.

ఎప్పుడు ఆశ వదులుకోవాలి?

శ్రావణం వచ్చినా గీత కదలకపోతే, మొవ్వు ఉండాల్సిన చోట గుంట పడి నల్లగా ఉంటే, కాండం పై భాగం నొక్కితే మెత్తగా దిగితే, ఇక చెట్టు లేదు. ఇంటి మీదకో దారి మీదకో వాలే చోట ఉంటే అప్పుడు తీయించక తప్పదు. తలను ముక్కలుగా దింపి, కాండాన్ని తర్వాత కొట్టించండి. ఎర్రముక్కు పురుగు ఉన్న మొద్దును పెరట్లో వదలకండి, చీల్చి కాల్చేయండి.

వచ్చే చలికాలానికి

చలి గాలి నీళ్లలాంటిది, పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. వాగు ఒడ్డు, లోయ అడుగు కన్నా మెట్ట వాలు, ఇంటి దక్షిణపు గోడ పక్కన రెండు డిగ్రీల తేడా ఉన్నా అదే చెట్టును కాపాడుతుంది. కొత్త మొక్క నాటేటప్పుడు అక్కడే నాటండి. వానలు వెనక్కి తగ్గేలోపు, అంటే సెప్టెంబరులోనే చివరి ఎరువు వేసేయండి. పొటాష్ మానకండి, అది చలిని ఓర్చుకునే బలమిస్తుంది. ఆ తర్వాత యూరియా వేస్తే లేత పెరుగుదల వచ్చి సరిగ్గా చలికి దొరుకుతుంది.

రేడియోలో 4 డిగ్రీలు అని చెప్పినా మీ పెరట్లో మంచు గడ్డకట్టవచ్చు. వాళ్లు కొలిచేది నేలకు నాలుగడుగుల ఎత్తున, పెట్టెలో ఉన్న గాలి. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకు, గడ్డి అంతకన్నా చల్లబడతాయి. ఆకాశం నిర్మలంగా ఉండి సాయంత్రానికే ఒళ్లు వణికితే ఆ మధ్యాహ్నమే పాదులు తడపండి. తడి నేల పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. చిన్న మొక్కల ఆకులను పైకి కూడదీసి తాడుతో వదులుగా కట్టి, పైన గోనె సంచి నేల దాకా కప్పండి. పాలిథీన్ నేరుగా ఆకులకు తగిలితే ఆ చోటే మాడుతుంది, అందుకని గోనె సంచే మేలు. ఉదయం ఎండ తగలగానే సంచి తీసేయండి, లోపల చెమర్చిన తడి మధ్యాహ్నానికల్లా మొవ్వులోంచి ఆరిపోవాలి.